‘మాస్టారు’ అనే అప్లికేషన్

వెయ్యిన్ని తొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూన్ నెల ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రంతోనూ, మనసులో ‘ఆలస్యమైపోయిందేమో’ అన్న బెంగతోనూ, తలుపులు తెరవడానికి చాలా ముందే వచ్చి కార్యాలయం మెట్లమీద నిలబడిన ఒక సన్నని యువకుణ్ణి మన సంస్థ తన కొలువులోకి తీసుకొన్నది. ఆ యువకుడే నేడు మనమంతా గౌరవంతోనూ చనువుతోనూ ‘మాస్టారు’ అని పిలుచుకొనే, గత మాసాంతాన పదవీ విరమణ చేసిన మన వ్యయ విభజన అధికారి. ఆనాటి కాపలాదారు ఆయనను చూచి, “ఇంకా ఎవరూ రాలేదు బాబూ, కూర్చో” అన్నాడట. “కూర్చుంటే కునుకు పడుతుందేమోనండీ” అని ఆయన నిలబడే ఉన్నారట. భగవంతుడు కొందరికి ధైర్యమిచ్చి వారిచేత ఘనకార్యాలు చేయిస్తాడు. కొందరికి భయమిచ్చి, ఆ భయం చేతనే పదిమందికి రక్షణ కల్పిస్తాడు. మాస్టారు ఈ రెండవ కోవకు చెందిన పుణ్యాత్ములు.

మందులను చల్లగా భద్రపరచి, రోగుల ఇళ్ళకు చేరవేయడం మన సంస్థ వృత్తి. తొలి సంవత్సరాలలో శీతల గదుల కరెంటు బిల్లును విభాగాలవారీగా పంచే బాధ్యత మాస్టారిది. ఏ అరలో ఎవరి సరుకున్నదో చూడకుండా కుర్చీలో కూర్చొని పంచడం ఆయన మనస్సాక్షికి సమ్మతం కాలేదు. ఉన్ని టోపీ చెవులమీదికి లాక్కొని, స్వయంగా ఆ గదులలో తిరిగి, పెట్టెలు చూచుకొని, పళ్ళు కటకటలాడుతూ బయటికి వచ్చేవారు. “మా వంతు ఎందుకింత పడింది?” అని ఎవరైనా నిలదీస్తే, విసుగు చెందక, గోడమీది నల్లబల్ల దగ్గరికి తీసుకొనిపోయి సుద్దముక్కతో వివరించేవారు. అడిగినవారు తెల్లబోయిన ముఖంతో, తెల్లబడిన చొక్కాతో తిరిగివచ్చేవారు. ‘మాస్టారు’ అన్న బిరుదు ఆ నల్లబల్ల దగ్గర పుట్టినదే.

ఆ రోజులలో కంప్యూటర్ల ఖర్చు పంచడం సులభం. జీతాల అప్లికేషన్‌కు ఒక సర్వరు, బండ్ల రాకపోకలకు మరొక సర్వరు. ఎవరి పెట్టె వారిది, ఎవరి ఖర్చు వారిది. తరువాత కాలం మారింది. మాస్టారు కంప్యూటర్ విభాగపు వ్యయాల లెక్కకు బదిలీ అయిన వారంలోనే, అప్పుడే కొత్తగా చేరిన సర్వర్ల ఇంజినీరు, నేటి మన సర్వర్ల ఇన్‌చార్జి మేడమ్, ఆయనను సర్వర్ల గదికి తీసుకొనివెళ్ళి ఒక నల్లని పెట్టెను చూపించారు.

“ఈ ఒక్కదాంట్లో నలభై మెషీన్లున్నాయి మాస్టారూ.”

“ఏవమ్మా? నాకు ఒక్కటే కనబడుతోంది.”

“కనబడవండీ. వర్చువల్ మెషీన్లు. ప్రతిదీ తనకి సొంతిల్లు ఉందనుకుంటుంది, అంతే.”

“అనుకోనీ. అద్దె ఎవరిస్తారు మరి?”

“అది మీరు చెబుతారనే పిలిచాను.”

ఒకే ఆధారం మీద అనేక రూపాలు తోచడం, ప్రతి రూపమూ తానే స్వతంత్రమని భ్రమించడం వేదాంతం చదివినవారికి కొత్త సంగతి కాదు. అయితే ఆ రూపాలన్నింటికీ ఖర్చు పంచమని వేదాంతం ఎవరినీ అడగలేదు. అడిగినది మన సంస్థ. పంచి చూపినది మాస్టారు. ఆయన ఆ పెట్టెను పలు వాటాలున్న పెద్ద ఇంటిగా భావించారు. ఎంత జాగా పట్టుకొంటే అంత అద్దె. తాళం వేసుకొని ఊరికి వెళ్ళినా అద్దె తప్పదు. మెట్లమీది దీపం, నీళ్ళ మోటారు అందరివీ కనుక అందరూ తలా కొంత. ఒకే వాటాలో రెండు కుటుంబాలుంటే, అనగా ఒకే వర్చువల్ మెషీన్ మీద రెండు అప్లికేషన్లు నడుస్తుంటే, ఎవరి వాడకం ఎంతో కొలిచి వారిలో వారికి పంపకం. ఆ విధంగా ప్రతి నెలా వెలువడే నివేదికలో ప్రతి అప్లికేషన్‌కూ ఒక వరుస, దాని ఎదుట దాని వంతు, ఆ వంతును భరించే విభాగం పేరు నిలిచేవి. తన వంతును తిట్టుకొన్నవారున్నారు గాని, అది అన్యాయమని రుజువు చేసినవారు లేరు.

అయితే ఒక నియమం మాత్రం మాస్టారికి కంటిలో నలుసైంది. యజమాని లేని మెషీన్‌ను నెలాఖరున ఆపివేయాలన్నది ఆ నియమం. విభాగాలు కలిసిపోతుంటాయి, మనుషులు మారుతుంటారు, మెషీన్లు మాత్రం దిక్కులేక మిగిలిపోతుంటాయి; నియమంలో తప్పు లేదు. కాని ఆపిన తరువాత అది ఎవరికో ప్రాణావసరమని తెలిస్తే? ఈ ఒక్క ప్రశ్న ఆయనను కూర్చోనివ్వలేదు. యజమాని దొరికేవరకు అని, అటువంటి మెషీన్‌కు యజమానిగా తన ఉద్యోగి సంఖ్యనే వేసుకొన్నారు. తరువాత మరొకదానికి. అలా ఒకదాని వెంట ఒకటి ఆయన నీడకు చేరగా, నివేదికలో వాటన్నింటినీ ఒకే వరుసగా చేర్చి, ఇన్‌చార్జి మేడమ్ సరదాకు దానికి ‘మాస్టారు’ అని పేరు పెట్టారు.

కొత్త ఆర్థిక డైరెక్టరుగారు వచ్చిన తొలి సమీక్షలో జరిగిన ముచ్చట ఇక్కడ చెప్పక తప్పదు. వారు నివేదికను వేలితో చూస్తూ వచ్చి ఒక చోట ఆగారు.

“ఈ ‘మాస్టారు’ ఏమిటి? జీతాల అప్లికేషన్ కంటే ఎక్కువ తింటోంది. ఎవరూ మాట్లాడరేం? పాతదైతే ఆపేయండి.”

మాస్టారు లేచి నిలబడ్డారు. “పాతదేనండీ. కానీ రిటైర్మెంటుకి ఇంకా టైముంది. అది నేనే.”

గదిలో నవ్వులు సద్దుమణిగిన తరువాత డైరెక్టరుగారు, “సరే, ఇంతకీ మీరు చేసే పనేమిటి?” అని అడిగారు.

“భయపడుతుంటానండీ” అన్నారు మాస్టారు. ఆ మాటకు మళ్ళీ నవ్వినవారున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ వరుసలో దాగిన మెషీన్లలో ఒకటి ఆయనకు ప్రత్యేకమైన దిగులు. అందులో నడిచేది చిన్న అప్లికేషన్: ప్రతి ఉదయం రోగుల ఇళ్ళకు ఫోను చేసి, ‘మీ మందుల బండి బయలుదేరింది’ అని చెబుతుంది. ఒంటరిగా ఉన్న వృద్ధులు ఆ మాట విని తలుపు దగ్గర కాచుకొని ఉంటారు. పనికి వెళ్ళవలసినవారు పొరుగువారికి చెప్పి వెళతారు. దానిని ప్రారంభించిన విభాగం ఏనాడో రద్దయింది. బండి ఆగితే పదిమంది అరుస్తారు. రావలసిన ఫోను రాకపోతే, అది రాలేదన్న సంగతే ఎవరికీ తెలియదు. అందుచేత మాస్టారు తమ ఇంటి నంబరును కూడా ఆ జాబితాలో చేర్పించారు. నాటినుండి ప్రతి ఉదయం ఆ ఫోను ఎత్తడం వారి ధర్మపత్ని నిత్యకృత్యమైంది. ఆమె రిసీవరు పెట్టేసి, “బయలుదేరిందట, ఇక తినండి” అంటేనే గాని ఆయన చేయి కంచంలోకి వెళ్ళేది కాదు.

“పెళ్ళయిన కొత్తలో నా కోసమైనా ఇంతగా ఎదురుచూడలేదు ఈయన” అని ఆమె దెప్పేవారు. కుమార్తె ఒకనాడు, “మొన్న నా ఫ్రెండ్ ఫోనెత్తింది నాన్నా. మీ ఇంట్లో ఎవరికే బాలేదు అని ఒకటే కంగారు” అంది.

“నాకేనమ్మా” అన్నారు మాస్టారు.

ఇట్లుండగా విరమణ సమీపించింది. ఇన్‌చార్జి మేడమ్ ఒక ఉదయం ఆయన బల్ల దగ్గరికి వచ్చి, చెప్పలేక చెప్పలేక ఒక మాట చెప్పారు. “మీరు వెళ్ళే రోజు మీ ఉద్యోగి నంబరు రద్దవుతుంది మాస్టారూ. ఆ నంబరు మీదున్న మెషీన్లన్నిటికీ యజమాని లేనట్టే లెక్క. ఆ సాయంత్రమే సిస్టం దానంతటదే వాటిని ఆపేస్తుంది. నా చేతుల్లో లేదు.”

ఆ నాటినుండి మాస్టారు చేతి గడియారపు పట్టీని బొటనవేలితో రుద్దుకొంటూ అంతస్తు అంతస్తుకూ తిరగని రోజు లేదు. కొన్ని మెషీన్లకు అసలు యజమానులు దొరికారు. కొన్నింటిని, అక్కర లేదని వ్రాసి ఇచ్చి, సంబంధించినవారే ఆపించుకొన్నారు. చివరకు ఫోను చేసే మెషీన్ ఒక్కటే మిగిలింది. ఖర్చులు తగ్గించమని అందరి మీదా ఒత్తిడి ఉన్న కాలమది.

“బండి నాది మాస్టారూ, కాదనను. ఫోను నాది కాదు” అన్నారు రవాణా మేనేజరు. “ఈ ఏడు నా ఖర్చు పిసరంత పెరిగినా ఇద్దరు డ్రైవర్లని తీసేయమంటారు. వాళ్ళ పిల్లల్ని మీరు సాకుతారా?”

మాస్టారు అక్కడినుండి వినియోగదారుల సేవా విభాగపు అధికారిణి గదికి వెళ్ళారు.

“రోగి ఫోను చేస్తే ఎత్తడం మా పని. రోగికి ఫోను చేయడం మా పని కాదండీ” అన్నారు ఆమె.

“రోగి ఒక్కరే కదా మేడమ్.”

“రోగి ఒక్కరే. బడ్జెట్లు వేరు.”

ఆ వారం ఇంట్లో, ఫోను వచ్చినా ఆయన చేయి కంచంలోకి వెళ్ళలేదు. “బయలుదేరిందట” అని ధర్మపత్ని అంటే, “ఇవాళ బయలుదేరింది” అని ఊరుకొన్నారు. ఆమె కుర్చీ లాక్కొని ఎదుట కూర్చున్నారు.

“ఏవండీ, కరెంటు బిల్లు అందరికీ పంచారు. మెట్ల దీపం కూడా పంచారు. ఈ దిగులొక్కటే మీ సొంత ఆస్తా? మొత్తం మూటగట్టి ఇంటికి తెచ్చుకుంటారేం?”

ఆయన మరునాడే సమావేశం కోరారు. డైరెక్టరుగారు, రవాణా మేనేజరు, సేవా విభాగాధికారిణి, ఇన్‌చార్జి మేడమ్ కూర్చోగా, వారి ముందు బల్లమీద మాస్టారు రెండు కాగితాలు పరిచారు. ఒకటి ఆ మెషీన్‌కు యజమానిగా ఉండడానికి అంగీకార పత్రం; రెండవది దానిని ఆపమని ఉత్తర్వు. రెంటిలోనూ పేరు వ్రాయవలసిన చోటు ఖాళీ. ఆయన ఆ ఖాళీలను వేలితో చూపారు.

“నడవాలన్నా ఒక పేరు కావాలి, ఆపాలన్నా ఒక పేరు కావాలి. నేను వెళ్ళాను కాబట్టి అది ఆగకూడదండీ. ఆగితే, ఎవరో ఒకరు ఆపాలనుకుని ఆపాలి. ఈ రెండో కాగితం మీద సంతకం చేయండి, నా చేత్తో నేనే ఆపి వెళతాను.”

జీవితంలో ఒక్క మెషీన్‌ను ఆపని మనిషి నోట ఆ మాట వచ్చింది. రవాణా మేనేజరు ఆ కాగితాన్ని సేవాధికారిణి వైపు జరిపారు. ఆమె దానిని తాకకుండానే డైరెక్టరుగారి వైపు చూచారు. డైరెక్టరుగారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టారు.

“ఆపితే ఏమవుతుంది మాస్టారూ?”

“ఏమీ కాకపోవచ్చండీ. ఎక్కడో ఒక తలుపు తీసేవాళ్ళు లేకపోవచ్చు. మందు మెట్ల మీద ఎండలో ఉండిపోవచ్చు. నాకు తెలీదు. తెలీకపోవడమే నా భయం. ఇన్నేళ్ళూ మీ అందరి తరఫునా నేనొక్కణ్ణే భయపడ్డాను. ఇక మీరు పడాలి.”

ముందుగా రవాణా మేనేజరే మొదటి కాగితాన్ని దగ్గరికి లాక్కొన్నారు. “తలుపు తీయకపోతే తిరిగొచ్చే బండి నాదే. సగం నాకు రాయండి.”

“తిట్లు తినేది ఫోన్లెత్తే మా పిల్లలు. మిగతా సగం మాకు” అన్నారు సేవాధికారిణి.

“డ్రైవర్ల జోలికి ఎవరూ రారు. ఆ మాట నాది” అని డైరెక్టరుగారు మొదటి కాగితం మీద సాక్షిగా సంతకం చేశారు. అందరూ మాస్టారు ఊపిరి పీల్చుకొంటారని ఎదురుచూస్తుండగా ఆయన, “సగం సగం కుదరదండీ, ఎవరికెంత ఉపయోగమో కొలవాలి. రేపు లెక్క ఇస్తాను” అన్నారు. అన్నట్టే ఇచ్చారు.

చివరి సాయంత్రం ఇన్‌చార్జి మేడమ్ పక్కన నిలబడి, తమ ఉద్యోగి సంఖ్య రద్దు కావడం ఆయన కళ్ళారా చూచారు. ‘మాస్టారు’ అన్న వరుస ఎదుట సున్న పడింది.

“ఏదీ ఆగలేదుగా అమ్మా?”

“మీరొక్కరే ఆగారు మాస్టారూ” అని ఆమె ముఖం తెర వైపు తిప్పుకొన్నారు.

మరునాటి ఉదయం సంగతి వారి ధర్మపత్ని చెప్పగా తెలిసినది. వేళ దాటినా ఫోను మ్రోగలేదట. మాస్టారు రెండుసార్లు లేచి రిసీవరు ఎత్తి చూస్తే, “ఎత్తి పెట్టకండీ, రావలసింది కూడా రాదు” అని ఆమె కసిరారట. ఇంతలో మ్రోగింది. అది యంత్రం కాదు, సేవాధికారిణి.

“మాస్టారూ, రాత్రంతా నాకు నిద్ర లేదు. పొద్దున్నే వచ్చి, జాబితా అంతా ఒక్కో పేరే చూసుకుంటున్నాను. అందుకే ఫోన్లు కాస్త ఆపి ఉంచాం, ఇప్పుడే మొదలుపెడతాం. ఇందులో మీ ఇంటి నంబరుంది. ఎవరికండీ ఒంట్లో బాలేదు?”

“ఎవరికీ ఏం లేదు మేడమ్. నేను పెట్టించుకున్నదే.”

“తీసేయమంటారా మరి?”

మాస్టారు తటపటాయించారు. పక్కనుండి వారి ధర్మపత్ని, “ఉంచమనండి, అలవాటైపోయింది” అన్నారు.

“ఉంచండి మేడమ్. ఆ ఒక్క ఫోను ఖర్చు నాకు రాయండి.”

కొంతసేపటికి ఫోను మళ్ళీ మ్రోగింది. ఆమె వెళ్ళి విని, రిసీవరు పెట్టి, ఎప్పటివలెనే “బయలుదేరిందట” అని చెబుతూ వెనుదిరిగి చూస్తే, మాస్టారి కంచం అప్పటికే సగం ఖాళీ అయి ఉన్నదట.

అట్టి సహృదయులు, కర్తవ్యనిష్ఠులు అయి, మనందరి భయాన్ని దీర్ఘకాలం తామొక్కరే మోసి, వెళుతూ వెళుతూ దానిని మనకు న్యాయంగా పంచి ఇచ్చిన మాస్టారికి, వారి ధర్మపత్నికి, కుమార్తెకు సర్వేశ్వరుడు సంపూర్ణ ఆయురారోగ్యాలను ప్రసాదించుగాక. ప్రతి ఉదయం వారి ఇంట ఆ ఫోను తప్పక మ్రోగుగాక. మందుల బండి బయలుదేరినదన్న కబురు నిండు నూరేళ్ళూ వారి చెవిన పడుగాక. ఆ బండి వారి గుమ్మం ముందు ఆగవలసిన అవసరం ఎన్నటికీ రాకుండుగాక.