గుర్వమ్మ కుండల జెర్రిపోతు

ఏయ్ స్వరూపా, గా ఎలుకను పారెయ్యకే! బోనుల పడ్డదా, మందు తిని సచ్చిందా? బోనుల్నేనా, మంచిగ సూసినవా? అయితే గా అరుగు మీద పెట్టి, పొయ్యి మీద జరన్ని నీళ్లు పెట్టు. గట్ల మొఖం వంకర పెట్టకు. కూసో, చెప్త.

గుర్వమ్మ యాదికుందా నీకు? మీ తాత అన్న పెండ్లాం, నాకు ఏరాలు. కరోనల పాయె, నువ్వప్పుడు హాస్టల్ల ఉంటివి. అరే, మనిషంటే గది మనిషే! తెలంగాణ వచ్చిన ఏడు, మడి దున్నుతుంటే ట్రాక్టర్ చక్రం తగిలి జెర్రిపోతు నడుము చితికింది. విషం లేని పామే, అయినా అందరు కట్టె తే, కట్టె తే అని ఒక్కటే లొల్లి. 'నడుము ఇరిగినదాన్ని కొడ్తరా, సిగ్గులేదారా' అని కొంగుల సుట్టుకొని తెచ్చి పెద్ద కుండల పెట్టింది. తెచ్చినంక తినాలె గద? సచ్చిన ఎలుకను పెడితే అటు సూడకపాయె. కదిలేదే తిండి దానికి. బతికిన ఎలుకనేమో ఉరికి పట్టలేదు. ఎండి తాడు లెక్కైంది. గుర్వమ్మ కూసోని ఏడ్చింది.

అంతల్నే నాగులపంచమి వచ్చె. మా అత్త జంగమ్మ వాడకట్టు ఆడోళ్లందర్ని పిలిచి పాలగిన్నెలతోటి కుండ సుట్టు నిలబెట్టింది. గుర్వమ్మ అడ్డం నిలబడ్డది. 'పాము పాలు తాగదత్తా, ముక్కుల పోతె ఊపిరాడక సస్తది. మీ మనుమలకు తాపుండ్రి' అని, పొద్దుగాల బోనుల పడి సచ్చిన ఎలుకను పానమున్నట్టు వెచ్చగ గావాలెనని వేడినీళ్లల్ల ముంచి, పట్కారుతోటి తోక పట్టి కదిలినట్టు కుండల జర ఊపింది. అబ్బో, ఒక్క పట్టు పట్టింది సూడు! తలకాయ కాడికెల్లి మింగుతాంది. గుర్వమ్మ నవ్వుతాంది, ఏడుస్తాంది. ఆడోళ్లు పాలగిన్నెలు పట్టుకొని అట్లనే నిలబడ్డరు.

మా అత్తకు శివమెత్తింది. 'పంచమి నాడు కూరగాయ గూడ కొయ్యం, నా ఇంట్ల ఎలుకను పెడ్తవానే? కుండ బయటేస్తవా, నువ్వు బయటికి పోతవా?'

'నేనే పోత' అన్నది. కుండ సంకనెత్తుకొని గొర్ల దొడ్డికి నడిచింది. మొగడు లేని ఆడది, వానకాలం. సచ్చేదాక గీ గడప తొక్కలే. అత్త కాళ్లు మొక్కు, లోపలికి రానిస్తదని పెద్దమనుషులు చెప్తే, 'ఎందుకు మొక్కాలె? ఆకలైనదానికి తిండి పెట్టినందుకా?' అన్నది. నేనే బువ్వ పట్కపోతుంటి. అత్త సూస్తుండంగనే పట్కపోతుంటి, కొంగు కింద దాసుకొని గాదు. ఎందుకు దాయాలె?

సచ్చే ముందట, కరోన గద, దగ్గరికి రానియ్యక దూరంకెల్లే ఒక్క ముచ్చట చెప్పింది. 'చెల్లె, మందు తిన్న ఎలుకను మాత్రం పెట్టకు, నా పాము సస్తది' అని.

నీళ్లు కాగినయా? మసలొద్దు, వేలు పెడితే ఓర్వాలె. గా పట్కారు అందుకో, గొర్ల దొడ్డికాడ గుర్వమ్మ పాము ఇంకా ఉంది, పోదం పా. ఏంది, మీ నాయిన తిడ్తడా? తిట్టనీ. దొడ్డిల నాకు గూడ జాగుంది.