వెంట్రుకవాసి ఆలస్యం

ఆ స్క్రూడ్రైవర్ల సంచి అక్కడ పెట్టు, ముందు కూర్చో. మూత విప్పాల్సినంత రోగం ఆ కంప్యూటర్ పెట్టెకేం లేదు. ఆ చప్పుడా? ఫ్యాను. అదెప్పుడూ అంతే, మీ అన్న గురకలాగా.

సర్వర్ అంటే అద్దాల గదిలో ఉంటుందనుకున్నావా మరిదీ? ఇదే, గిన్నెల అలమర మీద కూర్చుంది. మీ అన్న పోయాక, వేణువు మీద ఆయన కట్టిన పాటలన్నీ స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఎవరైనా వినేలా ఇందులో పెట్టాను. నేర్పినవాడు లేడు. తప్పు చేసి, తిట్టుకుని, మళ్లీ చేసి నేర్చుకున్నాను. వయొలిన్ తీగల మీద కాయలు కట్టిన వేళ్లు ఇవి, కీబోర్డు ఏం చేస్తుంది వీటిని?

ఎవరు వింటున్నారంటావా? అడగనే అడిగావూ. తలుపు తట్టేవాళ్లకేం తక్కువ లేదు. ఎక్కడెక్కడి దొంగ మిషన్లూ రోజంతా పాస్‌వర్డు ఊహించి చూస్తుంటాయి. చుట్టాలకంటే అవే నయం, రోజూ వస్తాయి. నవ్వకు.

అసలు సంగతి వేరే. కంప్యూటర్ వాయిస్తే ప్రతి స్వరం టంచనుగా పడుతుంది. మీ అన్న టంచనుగా వచ్చిందెప్పుడు, తన పెళ్లికే ఆలస్యంగా వచ్చిన మనిషి. పల్లవి మలుపులో ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి ఆగి, అప్పుడు దిగేవాడు. నేను వయొలిన్ కమాను ఎత్తి, నువ్వు డోలు మీద చెయ్యెత్తి, ఆయన కోసం ఆగేవాళ్లం. ఆ ఆగడమే పాట. అందుకని ఒక్కో స్వరాన్నీ మౌసుతో పట్టుకుని, కళ్లు పోయేలా చూస్తూ, కాస్త కాస్త పక్కకి జరిపాను.

మొన్న ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కిస్తుంటే అడిగింది, తాళంలో తేడాలున్నాయి, సరిచెయ్యమంటారా అని. నా బుద్ధి గడ్డి తిని సరే అన్నాను. మీ అన్నని బళ్లో పిల్లాడిలా తిన్నగా నిలబెట్టేసింది.

రెండో పెట్టెలో కాపీ ఉండాలి కదా అంటావు. ఉంది. ఇక్కడ ఏది మారితే అది వెంటనే అక్కడా మార్చమని నేనే పురమాయించాను. అలాగే మార్చేసింది. ఈ ఇంట్లో చెప్పిన మాట వినేది అదొక్కటే. పాతదాన్ని పాతగా దాచమని చెప్పాలని ఇప్పుడు తెలిసింది.

రికార్డింగులా? ఒక్కటీ లేదు. ఎదురుగా మనిషి లేకుండా వాయించనని మొండికేసేవాడు కదా, నీకు తెలీదా.

అందుకే పెట్టె చెడిపోయిందని నీకు ఫోన్ చేశాను. అబద్ధమే. ఊరికే రమ్మంటే వచ్చేవాడివా?

ఇదిగో, పెడుతున్నాను. మలుపు దగ్గర ఈ బల్ల మీద కొట్టు. మిషన్‌తో కాదు, మీ అన్నతో. నీ చేతికి తెలుసు. నువ్వు కొట్టినచోటికి స్వరాల్ని మళ్లీ జరుపుతాను.

ఊఁ, వస్తోంది. కొట్టు.

ఇంకోసారి. కళ్లు మూసుకో, ఆయన ఎదురుగా ఉన్నాడనుకో.

నువ్వూ టంచనుగానే కొడుతున్నావు మరిదీ.

తల దించుకోకు, తప్పు నీది కాదు. నాకు గుర్తుంటే నిన్ను పిలిచేదాన్నా? ముందు నేను జరిపింది మాత్రం, ఆయన ఆగినంతో, ఆగాలని నాకు అనిపించినంతో. ఎవరికి తెలుసు.

సంచి అందుకోకు అప్పుడే. టీ పెడతాను, తాగి వెళ్లు. శ్రమేం లేదు. ఒక్కదానికి పెట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు, ఎలాగూ ఇద్దరికి అవుతుంది.