పాతది ఇచ్చి పెద్దది

నా పేరు ఊయ్ గైక్ సిమ్. తండ్రి ఊయ్ కెంగ్ లాన్, కాలం చేశారు. వయసు యాభై ఆరు. పెళ్లి చేసుకోలేదు. పోయినవాళ్ల పేరు మీద కాల్చే కాగితపు వస్తువులు చేయడం నా వృత్తి. పెనాంగ్ జార్జ్‌టౌన్‌లో, రేవుకు పోయే దారి పక్క సందులో కింద మా దుకాణం, పైన ఇల్లు. ఇన్‌స్పెక్టర్ రోస్లినా గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. ఉదయం దీపం పెట్టి, జపం పూర్తి చేసుకుని వచ్చాను.

నిన్న ఆదివారం మీరు తీసుకొచ్చిన ఊయ్ తియోంగ్ నా తమ్ముడు. దొంగతనం తానే చేశానని అతను ఒప్పుకున్నట్టు చెప్పారు. అతను చేయలేదు. ముందు ఆ మాట రాసుకోమని కోరాను. రాసుకున్నారు.

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని. తియోంగ్ రెండోవాడు, మాల్‌లో ఫోన్ల షాపు కౌంటర్‌లో పని. చిన్ హువాట్ చివరివాడు. నాతోపాటు దుకాణంలో ఉండేవాడు. నాన్న కాగితం మీద పెన్సిలుతో గీసిన నమూనాలను అతను ట్యాబ్ మీద గీసేవాడు. చిన్న ట్యాబ్. అరచేతికంటే కొంచెం పెద్దది. ఎర్ర గుడ్డ తొడుగు, ఒక మూల పగులు, పగులు మీద టేపు. గీస్తున్నంతసేపూ కూనిరాగం తీసేవాడు. గీసే తీరును అందులోనే గొంతుతో సహా రికార్డు చేసి పెట్టేవాడు. "అక్కా, ఇక్కడ జిగురు ఎక్కువ పుయ్యకు, రెక్క వాలిపోతుంది" అని ఒకదానిలో నన్ను కసురుతాడు.

అతనికి మూత్రపిండాల జబ్బు. చివరి ఏడాది చూపు తగ్గింది. ట్యాబ్‌ను ముక్కుకు ఆనించుకుని గీసేవాడు. పెద్దది కావాలని తియోంగ్‌ను అడిగాడు. తియోంగ్, "ఇప్పుడున్నవి కొనకురా. పెద్దది కొత్తగా వస్తోంది, ఆగు. నేనే తెస్తాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే వెదురు బద్దలు చీలుస్తున్నాను. పెద్దది రాకముందే చిన్ హువాట్ పోయాడు.

అతని భార్య సుక్ యీ ఏడాది మాతో ఉండి, తర్వాత బటర్‌వర్త్‌లో పుట్టింటికి వెళ్లింది. ప్రతి ఆదివారం ఫెర్రీ ఎక్కి వచ్చేది. బల్ల సొరుగులోంచి ట్యాబ్ తీసి, చార్జింగ్ పెట్టి, అతని గొంతు వినేది. అద్దం తుడిచేది కాదు. నన్నూ తుడవనిచ్చేది కాదు. "ఆయన వేళ్ల మరకలు వదినా" అనేది. ఒకసారి తియోంగ్, "అన్నీ ఇంకోదానిలోకి ఎక్కించి ఇస్తానమ్మా, ఇది పాడైపోతే ఎలా? గొంతు అదే కదా" అన్నాడు. సుక్ యీ ఒప్పుకోలేదు. తియోంగ్ మళ్లీ అడిగాడు. మళ్లీ ఒప్పుకోలేదు. అతని కన్ను దానిమీద ఉందని ఆమె ఫిర్యాదులో రాయడానికి కారణం ఇదే. అతను అడిగింది ఆమె కోసం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అన్ని ఇళ్లలో లేదు, మా ఇంట్లో ఉంది. పోయినవాళ్లకు ఒకసారి పంపిన వస్తువు మళ్లీ పంపము. మళ్లీ పంపితే, మొదట పంపిన సంగతి మనం మరిచామని వాళ్లు నొచ్చుకుంటారని నాన్న చెప్పేవారు. ఏది పంపవచ్చో, ఏది కూడదో తేల్చేది ఇంటి పెద్దబిడ్డ. మా చైనా పంచాంగంలో ఏడో నెల దయ్యాల నెల, పోయినవాళ్లు ఇళ్లకు వస్తారంటారు. నిరుడు ఆ నెలలో చిన్ హువాట్‌కు కాగితపు ట్యాబ్ చేసి కాల్చాం. అతని దానిలాగే చిన్నది. టేపుతో సహా.

ఆరో నెల పౌర్ణమి ఆదివారం పడింది. నాకు శాకాహారం రోజు. గంజి, ఉప్పు ముల్లంగి తింటున్నాను. అమ్మ, సుక్ యీ కూడా ఉన్నారు. తియోంగ్ షాపులో అడిగి పెద్ద ట్యాబ్ ఒకటి కొలతల కోసం తెచ్చాడు. బల్ల మీద పెట్టి, "అక్కా, ఈసారి తమ్ముడికి ఇది చేద్దాం" అన్నాడు.

"నిరుడు పంపాం కదరా" అన్నాను.

"అది వేరు, ఇది వేరు. ఇది కొత్త వస్తువు."

"ఏమిటి కొత్త?"

"తెర చూడు, ఎంతుందో."

"పెద్దదైతే కొత్తదైపోతుందా? నీ పొట్టా పెరిగింది. కొత్త తమ్ముడివైపోయావా?"

అమ్మ నవ్వింది. చిన్ హువాట్ పోయాక అమ్మ నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. అందుకే ఆ మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

తియోంగ్ ఒప్పుకోలేదు. "కలం దానికే అతుక్కుంటుంది. నాలుగు పక్కల నుంచీ పాట వస్తుంది. లోపల చిప్పు వేరు. సుక్ యీ, నువ్వు చెప్పమ్మా."

సుక్ యీ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "లోపల అవే బొమ్మలు, బావగారూ. నొక్కితే అదే తెరుచుకుంటోంది. పళ్లెమే పెద్దది, కూర అదే."

"మీ ఇద్దరినీ మా కౌంటర్‌లో కూర్చోబెడితే సాయంత్రానికి షట్టర్ దించుకోవాలి" అన్నాడు తియోంగ్.

"దీనిమీద ఏం చేస్తారు?" అని అడిగాను.

"గీస్తారు."

"పాతదానిమీద ఏం చేసేవాడు?"

తియోంగ్ ట్యాబ్‌ను తన వైపు జరుపుకున్నాడు. తర్వాత, "కొత్తదే అక్కా" అన్నాడు. మళ్లీ, "కొత్తదే" అన్నాడు. గొంతు పెరిగింది. పూజగూట్లో అమ్మవారి విగ్రహం ఉంది, దాని ముందు అరవకు అన్నాను. కొత్తది వస్తోంది ఆగమని తమ్ముడిని ఆపింది అతనే. అదే పాతది, కొంచెం పెద్దది అంతే అని నేనంటే, ఆ ఆపడానికి అర్థం లేకుండా పోతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు బల్ల దగ్గర తట్టలేదు.

ఇది కేసుకు అవసరమా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. అవసరమే. అంతా అక్కడే మొదలైంది.

అప్పుడు అమ్మ తన కల చెప్పింది. అమ్మ పేరు తాన్ బీ చూ, వయసు ఎనభై ఒకటి. "వాడు వచ్చాడే. అమ్మా, గీతలు కనిపించడం లేదు అంటున్నాడు. అక్కడ కూడా ముక్కుకు ఆనించుకునే చూస్తున్నాడు" అంది. ఎవరమూ తినలేకపోయాం.

నేను ఆలోచించి తేల్చాను. "పంపుదాం. కొత్తదని పంపవద్దు, అది అబద్ధం. నీ వస్తువే, పెద్దది చేసి మారుస్తున్నాం అని రాసి పంపుదాం" అన్నాను. తియోంగ్ కళ్లు తుడుచుకుని, వాతావరణం తేలిక చేయాలని, "అంటే ఎక్స్‌ఛేంజ్ అన్నమాట. రోజూ నేను చేసే పనే. రండి బాబూ, పాతది ఇచ్చి పెద్దది పట్టుకెళ్లండి" అని షాపులో అరిచినట్టు అరిచాడు.

అమ్మ అడిగింది. "పాతది ఇవ్వాలా?"

"ఇవ్వకపోతే మా మేనేజర్ ఊరుకుంటాడా అమ్మా!"

అందరం నవ్వాం. సుక్ యీ కూడా నవ్వింది.

కాగితపు ట్యాబ్ నేనే చేశాను. అట్ట పెట్టె కూడా చేశాను. షాపు ట్యాబ్‌ను తియోంగ్ మర్నాడే షాపుకు తిరిగి ఇచ్చేశాడు. విచారిస్తే తెలుస్తుంది.

ఏడో నెల పదకొండో రోజు, గురువారం, సాయంత్రం ఏడు దాటాక, మా దుకాణం ముందు ఇనుప తొట్టెలో కాల్చాం. ఆదివారం కాదు కాబట్టి సుక్ యీ లేదు. ముందు కాగితపు బట్టలు, తర్వాత చెప్పులు, తర్వాత మందుల పెట్టె. ట్యాబ్ పెట్టెను అమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తియోంగ్ చేయి చాపితే ఇవ్వలేదు. "నేనే ఇస్తాను. నా కొడుకు" అంది. లేచి, రెండు చేతులతో మంటలో పెట్టింది.

పెట్టె అట్ట కాలింది. కాగితపు ట్యాబ్ కాలింది. దాని కింద ఎర్ర గుడ్డ కనిపించింది. మూల టేపు కనిపించింది. బుస్సుమని తెల్లటి పొగ లేచి, బ్యాటరీ పేలి పెద్ద చప్పుడుతో మంట ఎగిరింది. ఎదురింటి సా గారు, "ఎవరర్రా టపాకాయలు కాల్చేది? దయ్యాల నెలలో పెళ్లి చేస్తున్నారా?" అని కేకేశారు. నేను కుడి చేయి తొట్టెలో పెట్టాను. తియోంగ్ నా నడుము పట్టి వెనక్కి లాగాడు. చేతికి ఇది అప్పుడు తగిలిన గాయమే.

అమ్మ నా మొహం చూసి, "వద్దే, తియ్యకు. ఇచ్చేసింది వెనక్కి తీసుకుంటారా ఎవరైనా?" అంది.

లోపలికి వచ్చాక అమ్మను అడిగాను. సొరుగు తెరిచి తానే తీశానంది. "నువ్వే అన్నావుగా, కొత్తది కాదు, మారుస్తున్నాం అని. పాతది లేకుండా వాడికి పెద్దది ఎవరిస్తారు?" అంది. అమ్మకు మతి తప్పలేదు. వంట చేసుకుంటుంది, ఇంట్లో అందరి పుట్టిన తేదీలు చెబుతుంది. మేము చెప్పినదాన్ని చెప్పినట్టు చేసింది.

ఆ రాత్రి తియోంగ్ నాతో ఒకే మాట అన్నాడు. "అమ్మ అని ఎవరికీ చెప్పవద్దు అక్కా. సుక్ యీ ఇక అమ్మ మొహం చూడదు." నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. సుక్ యీకి ఎదురుగా చెప్పాలి, ఫోన్‌లో చెప్పే మాట కాదు అనుకున్నాను. ఆదివారం వస్తుంది కదా అనుకున్నాను.

ఆదివారం ఆమె వచ్చేసరికి నేను ఆసుపత్రిలో కట్టు మార్పించుకుంటున్నాను. ఆమె సొరుగు తెరిచింది. చార్జర్ ఉంది, ట్యాబ్ లేదు. తియోంగ్‌ను అడిగింది. "షాపులో ఇచ్చి మార్చేశావు కదూ? ఎక్స్‌ఛేంజ్ చేశావు కదూ?" అంది. అమ్మ పక్కనే కూర్చుని బీన్స్ గిల్లుతోందట. తియోంగ్, "అవును, నేనే" అన్నాడట. ఇది ఎదురింటి సా గారు చెప్పగా విన్నాను. నేను తిరిగి వచ్చేసరికి పోలీసు బండి వెళ్లిపోయింది. బీన్స్ సగం గిల్లి ఉన్నాయి. అమ్మ, "తియోంగ్ అన్నం తినకుండా వెళ్లాడే" అంది.

తొట్టెలో మిగిలినదాన్ని నేను బిస్కెట్ డబ్బాలో దాచాను. వంగిన రేకు, పగిలిన అద్దం, కరిగిన టేపు. ఆ డబ్బా ఇప్పుడు మీకు అప్పగిస్తున్నాను. దొంగతనం ఎవరూ చేయలేదు. తల్లి తన కొడుకు వస్తువును కొడుక్కి ఇచ్చింది. తియోంగ్‌ను ఇంటికి పంపమని కోరుతున్నాను. అమ్మను ఇక్కడికి పిలిచి అడగవద్దని కోరుతున్నాను. తను తప్పు చేసినట్టు ఆమెకు తెలియదు.

ఇంతకీ ఆ పెద్దది కొత్త వస్తువా కాదా అని రాసుకుంటున్న సార్జెంట్ గారు అడిగారు. నేను ఇప్పటికీ అదే అంటాను. కొత్తది కాదు. కాకపోయినా, కొత్తదే అని ఆ రోజు తమ్ముడితో అని ఉండవలసింది.

సుక్ యీ బయట బల్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రాకముందే ఆమెకు అంతా చెప్పాను. డబ్బా తెరిచి, అద్దం ముక్కను తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మసి తుడవలేదు. ఏడవలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది. తర్వాత, "వదినా, ఆయనకు చేరి ఉంటుందా?" అని అడిగింది.

అమ్మ కూడా రోజూ పొద్దున్నే అదే అడుగుతుంది. అమ్మకు చేరిందని చెబుతున్నాను.  సుక్ యీ చేయి మాత్రం పట్టుకున్నాను.

పైన రాసినది నాకు మా హొక్కియన్ భాషలో చదివి వినిపించారు. నేను చూసినదీ, విన్నదీ విడివిడిగా చెప్పాను. అంతా నిజం. ఇంట్లో అమ్మకు చెప్పే మాట ఒక్కటి తప్ప, నాకు తెలిసి నేను అబద్ధమాడలేదు.

కుడి చేతికి కట్టు ఉన్నందున సంతకం చేయలేక ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. ముద్ర ఆరేదాకా కాగితాన్ని ఎవరూ తుడవవద్దని అడిగాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
ఊయ్ గైక్ సిమ్