మెరవని జాడీ

1946 వేసవి. శ్రీకాళహస్తి శివార్లలో మునివెంకటప్ప జాడీల బట్టీ. తిరుపతిలో భోజన హోటలు నడిపే ఏకాంబరం ఊరగాయ జాడీల కోసం వచ్చాడు. పక్కనే మునివెంకటప్ప భార్య గంగులమ్మ బూడిద జల్లిస్తోంది.

"మెరుపేదప్పా మునివెంకటప్పా? సగం కాలిన జాడీని నాకు అంటగడతా ఉండావు."

"బాగా కాలిందే ఏకాంబరం. పూతే అట్లాంటిది. తమలపాకు వెనకపక్క మాదిరి మెరవదు."

"పోయినేడు సంతలో తళతళలాడే జాడీ కొన్నా. నిమ్మకాయ ఊరగాయ పెడితే నెల తిరక్కుండా లోపల పూతంతా పాలిపోయింది. ఊరగాయ గుంతలో పోసినా. మెరిసేదే అట్లయితే, ఇది..."

"అది సీసం పూత. పులుపు దాన్ని తినేస్తాది, ఆ సీసం మన కడుపులోకి పోతాది. దీంట్లో చిటికెడు సీసం లేదు. నిన్న పొద్దున నిమ్మరసం పోసి పెట్టినా. వంచేసి చూడు."

"మచ్చ లేదే."

"మేకుతో గీకు."

"గీకితే జాడీ పాడైపోతాది."

"కానీలే, గీకు."

"ఇదిగో, నల్లగీత పడింది."

"అది మేకు అరిగి అంటిన మరక. బూడిదతో తోము."

"పోయిందబ్బా. సరే, ఇట్లాంటివే ముప్పై కావాల. ఏమేమి కలిపినావు?"

"అదంతా చేతి పనితనం. పట్నంలో ఎనిమిదేండ్లు పింగాణీ బట్టీల్లో..."

"ఎనిమిదేండ్లు."

"నువ్వు జల్లించు గంగులూ."

"జల్లిస్తానే ఉండా."

"మామిడికాయలు దిగేలోపల ముప్పై ఇస్తావా, మునివెంకటప్పా?"

"ముప్పై అంటే... ఒకటే వచ్చింది."

"ఒకటే వచ్చిందా?"

"అదే పూత మళ్ళీ కలిపినా. నాలుగు తూర్లు కాల్చినా. నాలుగు తూర్లూ మెరిసినాయి."

"ఇప్పుడు ఆ పనితనం యాడికి పోయింది?"

"నవ్వద్దప్పా. గంగులూ, నేను మట్టికని తడ ఊరికి పోయినప్పుడు పూత తొట్టిని ఎవురన్నా ముట్టుకున్నారా?"

"ముట్టుకోవద్దని చెప్పి పోతివి గదా."

"ముట్టుకున్నారా అని అడుగుతా ఉండా."

"పూత పల్చగా ఉన్నట్టు అనిపించింది."

"అనిపిస్తే?"

"సున్నం వేసినా. తెల్లమట్టి కూడా, కొంచెం."

"కొంచెమంటే ఎంత?"

"కొలిచే వేసినాలే."

"ఎంతో చెప్పు తల్లీ. ముప్పై జాడీలు ఇయ్యాల."

"ఉండప్పా మునివెంకటప్పా. గంగులమ్మా, ఒక్కరోజు నిమ్మరసానికి ఆగింది, ఒప్పుకుంటా. ఏడాది ఊరగాయకు ఆగుతాదని ఏం నమ్మకం?"

"ఆగుతాదన్నా."

"దానికేం తెలుసు ఏకాంబరం, ఒక తూరి ఏదో తెలీక కలిపి..."

"నువ్వు తడకు పోయినప్పుడల్లా బట్టీ కాల్చేది ఎవురు?"

"నువ్వే."

"ఇదే పూత వేసినవి తొమ్మిది జాడీలు మా పుట్టింట్లో ఏడాదిగా ఊరగాయతో ఉండాయి, ఒక్కటీ పాలిపోలేదు. ఈ తూరి కాల్చినవాట్లో నీకు తెలీకుండా బట్టీలోంచి తీసేది మర్చిపోయింది ఇదొక్కటే."