పంపుల ప్రోగ్రామ్‌కు తాళం తీసిన సంగతి

నా వయసు యాభై ఎనిమిదేళ్లు. వృత్తి ప్రోగ్రాములు రాయడం. పోయిన బుధవారం దాకా ఉద్యోగం ఉండేది. ఇన్‌స్పెక్టర్ గారు అడిగిన మీదట చెబుతున్నాను.

ముప్పై ఒక్కేళ్ల కిందట మా అక్క భర్త, నేను కలిసి టైపు మిషన్లు బాగుచేసే కొట్టు మేడమీద గదిలో ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ప్రోగ్రామ్ రాయడం, నడిపి చూడడం, తప్పు పట్టుకోవడం అన్నీ ఒకే తెరమీద చేసుకునే పనిముట్టు అది. తప్పులు పట్టే భాగం నాది. అట్టపెట్టెలో డిస్కులు, ఇటుకంత పుస్తకం పెట్టి అమ్మేవాళ్లం. పుస్తకమూ నేనే రాశాను.

పన్నెండేళ్లకు బావ కంపెనీని పెద్ద సంస్థకు అమ్మేశాడు. బల్లలతోపాటు నన్నూ అప్పగించాడు. కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్ పేరు నాలుగుసార్లు మార్చారు. నాలుగుసార్లు పెట్టె రంగు మార్చారు. నా భాగంలో ఒక్క వరుస మార్చలేదు. వాళ్లకు మార్చడం రాదు. కొత్త మేనేజరు మొదటిరోజే, "కంపైలర్ అంటే ఎవరమ్మా, ఏ సెక్షన్‌లో కూర్చుంటారు?" అని అడిగాడు. అది మనిషి కాదు, రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి ఆయనే.

తెరిచిన ప్రతిసారీ కంపెనీ కంప్యూటర్‌ను అనుమతి అడిగేలా మా సాఫ్ట్‌వేర్‌కు తాళం పెట్టించింది కూడా ఆయనే. గత నెల ఆ కంప్యూటర్‌నే ఆపించాడు.

మంగళవారం ఉదయం పది ఇరవైకి నీటి సరఫరా కేంద్రం ఇంజనీరు ఫోన్ చేసింది. "అక్కా, మీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. పంపుల ప్రోగ్రామ్‌లో తప్పుంది, దిద్దలేకపోతున్నా. రెండు రోజులుగా ఆసుపత్రి వైపు నీళ్లు లేవు."

మూడో అంతస్తుకెళ్లి మేనేజరుకు చెప్పాను.

"ఆ సాఫ్ట్‌వేర్‌ను పోయిన నెలే గౌరవంగా సాగనంపాం కదమ్మా. వీడ్కోలు కేకు మీరూ తిన్నారు," అన్నాడు.

తిన్నాను. అది నిజం.

పది యాభైకి స్టోరు గదిలో, విరిగిన గొడుగుల కింద ఉన్న, మా సాఫ్ట్‌వేర్ మూలప్రతి దాచిన పాత హార్డ్‌డిస్క్ తీసుకున్నాను. అనుమతి అడిగే వరుసలు ఆరు. కొట్టేశాను. ఒకటిన్నరకు కొత్త కాపీ ఆమె చేతికిచ్చాను. నాలుగింటికి ఆమె ఫోన్ చేసి, దాన్ని పంపుల వైపు పట్టుకుంది. పంపులు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పంతొమ్మిదేళ్లలో నా పని గురించి నేను విన్న మంచిమాట అదే.

మర్నాడు ఉద్యోగం తీసేసి దొంగతనం కేసు పెట్టారు. ఇందాక బావ ఈ పోలీస్ స్టేషన్‌కొచ్చి, "ఒక్క క్షమాపణ కాగితం రాసి పారెయ్యమ్మాయ్, వదిలేస్తారు," అన్నాడు. రాయనన్నాను.

ఫిర్యాదుతోపాటు కంపెనీ మరో ఉత్తరం పంపిందని ఇన్‌స్పెక్టర్ గారు చూపించారు. పోయిన సొత్తులో ఏముందో వివరించగలవారు తమ సంస్థలో ఎవరూ లేరట. నిందితురాలినే అడిగి రాయించుకోవాలట. ఏడు పేజీలు రాసిచ్చాను. వాళ్లకు అర్థమయ్యేలా రాయడం మాత్రం నావల్ల కాలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, చెప్పింది నిజం. ఎవరూ బెదిరించలేదు. ఒకచోట అక్షరం దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశాను.

(సంతకం)