దాలమ్మ గొడ్లు

దాలమ్మకి కోట్ల గొడ్లున్నాయంట. నవ్వకండర్రా, ఇనండి. టౌనుకి దిగువున మురుక్కాలవలన్నీ వొచ్చి పడే ప్లాంటు నేదూ, అక్కడ పన్జేసీదంట. టౌనోల్ల మురుగంతా అక్కడ తొట్లో పడి, తేటపడినాక ఏట్లో కలుస్తాది. ఒకనాడు ఇంజనీరు బాబు సెప్పినాడంట, దాలమ్మా, ఈ తొట్లో కంటికి ఆనని పురుగులు కోట్లున్నాయి, మురుగు తినీసి నీల్లని బాగుసేసేవి అవే, గాలి ఆడకపోతే సచ్చిపోతాయి, పంపు ఆపకు అని. ఓలమ్మ, పురుగులే! అని ముక్కు మీద ఏలేసుకుందంట. ఆ రోజు కాడ్నించి అయే దాని గొడ్లు అనుకో. కరెంటు పోతే సాలు, "నా గొడ్లు, నా గొడ్లు" అంటూ జనరేటరు కాడికి పరుగు. ఎందుకంటే దిగువున ఏటి ఒడ్డునే దాని కూతురు రాములమ్మ కాపరం. ఆ ఊరంతా తాగీది ఏటి నీల్లే. రాములమ్మకి ఒల్లో మూడు నెలల పసిగుంట. అదీ దాలమ్మ బెంగ.

ఏమైందంటే, పైనుంచి పెద్దాఫీసరు వొస్తన్నాడని కబురొచ్చింది. ఇంజనీరు బాబేమో సెలవులో ఉన్నాడు. మరి ఇంటికి పెద్దమనిసి వొస్తే మనం ఏటి సేస్తాం? గొడ్లసాల తుడుస్తాం, గొడ్లని కడుగుతాం, అవునా? దాలమ్మ తొట్లోకి సూసింది. గోదుమరంగు నురగ, వాసన. సీ, నా గొడ్లని ఇలాగ సూపిస్తానా అనుకుంది. ఆకరి తొట్లో కాసంత కాసంత కలపమని ఉంచిన బ్లీచింగు పౌడరు బస్తాలు, ఒకటి కాదు రెండు కాదు, ఆరు బస్తాలు ఈడ్చుకొచ్చి గొడ్ల తొట్లో గుమ్మరించీసిందంట! తొట్టి తెల్లగా మెరిసిపోనాది. వాసన నేదు. ఆఫీసరు భేష్ అన్నాడంట, దాని మెడలో దండేసి కారెక్కి పోనాడంట.

తెల్లారి ఇంజనీరు బాబు వొచ్చీసరికి తొట్టి నల్లగా ఉంది, ఒకటే కంపు. ఒక సుక్క తీసి బూతద్దం మిషన్లో సూసినాడు, ఇంకో సుక్క సూసినాడు, అలాగే కూలబడిపోనాడంట. ఏటి బాబూ అంటే, "ఒక్కటీ కదల్డం నేదు. ఏటేసినావు దాలమ్మా?" అన్నాడు. "కడిగినాను బాబూ" అంది. కోట్ల పేనాలు! తన సేత్తో! ఓలమ్మోలమ్మ, తలుసుకుంటే నాకే ఒల్లు జలదరిస్తాది. పక్క టౌను ప్లాంటు నుంచి పురుగులున్న మడ్డి తెచ్చి పాలకి తోడేసినట్టు ఏసినా, మల్లీ కుదురుకోడానికి నెల పడతాదంట. అందాకా మురుగు మురుగులాగే ఏట్లోకి. కాలవ మూసీలేమా బాబూ అంటే, మూస్తే టౌను ఈదులన్నీ మునిగిపోతాయి అన్నాడు. ఎవులికీ సెప్పకు, నీ పనీ పోద్ది, నా పనీ పోద్ది అని కూడా అన్నాడంట.

రేతిరి తొట్టి దాటిన ఆ నీల్లు కూతురూరు సేరీసరికి మద్దేనమవుతాది. దాలమ్మ ఆగుతాదేటి? ఆటో ఎక్కి పోయి, ఊరి మొగలో దిగి ఒకటే కేక. "నీల్లు ముట్టకండర్రా! టౌను మురుగు వొచ్చెస్తంది! నానే సేసినాను, నన్ను కొట్టండి, నీల్లు మాత్రం ముట్టకండి!" అని. రేవులో బిందె ముంచుతున్న రాములమ్మ సేతిలోంచి బిందె లాగి ఇసిరికొట్టిందంట.

జనం పోగైనారు. తొట్టీ, పురుగులూ, బ్లీచింగూ, అన్నీ సెప్పింది. ఇని అందరూ కొయ్యబారిపోనారంట. బ్లీచింగుకి కాదర్రా! రాములమ్మ అత్త అంది కదా, "అయితే వొదినా, ఇన్నాల్లూ మేం తాగిన ఏట్లో మీ టౌనోల్ల మురుగు కలుస్తందా?" బాగుసేసినాకే వొదినా, అంటాది దాలమ్మ. ఎవులింటారు? ఒకామె అక్కడే కక్కుకుంది. రాములమ్మ తల్లి మొకంలోకి సూసి, "అమ్మా, నన్నీ ఊరిచ్చినప్పుడు నీకు తెలుసా?" అందంట.

"తెలుసు. నిన్నీ ఊరిచ్చినాకే గదే నాను ఆ పన్లో సేరింది" అందంట దాలమ్మ.

గుంట బాగానే ఉంది లెండి. ఆ నెల్లాల్లూ ఊరికి టేంకరు నీల్లొచ్చినాయి. ఏటి బావూ, ఆ మొకమేటి అలాగ పెట్టినావు? పొద్దున నువ్వు పోసుకున్న నీల్లు ఎటెల్లినాయో సెప్పు ముందు.