ఉత్తకాళ్ల ఫైనల్

చిత్తూరులో ఫుట్‌బాల్ ఫైనల్లో ఊరి జట్టు ఓడిపోయాక, దాని అభిమానులిద్దరు ఐరాల బస్సులో వెనక సీట్లో కూర్చున్నారు.

"ఇంకా పది నిమిషాలుండాయి. స్కోరు సమానం. రెండు గోల్స్ కొట్టిన మునికుమార్‌ని బయటికి పిలుస్తాడా అబ్బా? ఈయనా ఒక కోచ్!"

"వాని కాలు సూసినావా?"

"బాగానే పరిగెత్తతా ఉన్నాడు కదప్పా!"

"ఉత్తకాళ్లతో. అవతలోడు బూటుకాలితో తొక్కితే బొటనవేలి గోరు లేచిపోయింది. గడ్డి మీద నెత్తురు నేను సూసినాను."

"బూట్లు వేసుకోమని ముందే గట్టిగా చెప్పాల్సింది ఆయన."

"అయ్యప్ప మాలలో ఉండే సామికి బూట్లు వేసుకోమని ఎట్ట చెప్తాడు?"

"అట్లయితే కాలు సంగతి ఆయన మనకన్నా చెప్పాల గదా. అందురం తిడతా ఉంటే, తలకాయ వంచుకోని తప్పు నాదే అంటాడా!"

"కాలు సంగతి చెప్తే మాల సంగతి వస్తాది. ఫైనల్ పెట్టుకోని మాల ఎందుకేసుకున్నావని అందురూ వాని మీద పడతారు."

బస్సు కాణిపాకం దాటింది.

"మాల వేసుకోరా, కప్పు మనదే అని వానికి చెప్పింది నేనే అప్పా."

"తెలుసులే."

"కోచ్‌కి?"

"వాడు ఉత్తకాళ్లతో ప్రాక్టీసుకొచ్చిన రోజే ఆయన అడిగి తెలుసుకున్నాడు. ఇందాక ఆయన్ని అందురికన్నా గట్టిగా తిట్టింది నువ్వే. అప్పుడు కూడా నీ పేరు ఎత్తలేదు సూడు."